బయానా ఇచ్చాక చూస్తే... ఇల్లు కురుస్తోంది!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొని చూడు అని మాత్రం ఎందుకో అనలేదు. వాళ్ల రోజుల్లో ఇళ్లు అమ్ముకునేవాళ్లూ కొనుక్కునేవాళ్లూ తక్కువ కాబోలు!

మా ఆడపడుచు బాన్సువాడలో ఉంటుంది. ఆయన దుబాయిలో డ్రైవరు. కిరాయి ఇళ్లు మారి మారి విసిగిపోయి, పిల్లల చదువులు అయ్యేదాకానైనా ఊళ్లో సొంత ఇల్లు ఉండాలనుకున్నారు. నాలుగేళ్ల కిందట ఏప్రిల్ నెలలో ఒక డాబా ఇల్లు బేరం కుదిరింది. 28 లక్షలు. అందులో 4 లక్షలు బయానా. కొంత ఆయన పంపినది, కొంత చిట్టి ఎత్తినది, మిగతాది తన హారం బ్యాంకులో కుదువపెట్టి తెచ్చినది. బ్యాంకు లోను కూడా మంజూరైంది. శ్రావణమాసంలో రిజిస్ట్రీ, ఆ వారంలోనే గృహప్రవేశం అని మాట అనుకున్నారు.

ఎండాకాలంలో చూసినప్పుడు ఆ ఇల్లు ఎంత ముచ్చటగా ఉందో! కొత్తగా రంగులు వేశారు. పెరట్లో మామిడిచెట్టు. వంటింట్లో నల్లరాయి గట్టు. "వదినా, కిటికీలోంచి గాలి మస్తుగ వస్తది" అని నాకు ఫోనులో మురిసిపోతూ చెప్పింది.

రిజిస్ట్రీకి ఇంకా ఐదు రోజులుందనగా ఒక రాత్రంతా వాన. తెల్లవారి, గడప కడిగి ముగ్గు పెట్టుకుందామని తాళంచెవి అడిగి తెచ్చుకుని వెళ్లింది. ముందు గది బాగానే ఉంది. వెనక పడకగది తలుపు తీస్తే గచ్చు మీద నీళ్లు! పైన స్లాబుకు చాటంత మేర పెచ్చు ఊడి కింద పడి ఉంది. లోపలి చువ్వలు తుప్పు పట్టి బయటికి కనిపిస్తున్నాయి. కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా ఒక పగులు, కొత్త రంగును చీల్చుకుని, రూపాయి బిళ్ల అంచు దూరేంత.

"పాత ఇల్లన్నంక గామాత్రం ఉండదా బిడ్డా! ఒక బస్తా సిమెంటుతోని అయిపోయే పని" అన్నాడు అమ్మే పెద్దమనిషి.

"ముహూర్తం తప్పితే మళ్లా కార్తీకం దాక లేదు. ముందుగాల సంతకాలు కానియ్యి చెల్లె. తర్వాత చూసుకుందాం" అన్నాడు మధ్యవర్తి.

"చుట్టాలందరికి చెప్పినం. ఇప్పుడు ఆపితే నలుగురు ఏమంటరు?" అంది మా అత్తగారు.

దుబాయి నుంచి ఆయన, "నాకేం కనవడ్తది ఈడికెల్లి? నీకెట్ల తోస్తే అట్ల జెయ్యి" అన్నాడు.

పాపం, ఆ రాత్రి తనకు నిద్ర లేదు. నాకు ఫోన్ చేసి, "వదినా, నాలుగు లక్షలు మునిగినట్టేనా?" అని ఏడ్చింది. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. మాకు తెలిసిన ఒక లాయరమ్మను అడిగి చెబుతానన్నాను. ఆవిడ చెప్పిన మొదటి మాట ఇప్పటికీ గుర్తే: "తర్వాత చూసుకుందాం అన్న మాట సంతకం అయ్యేదాకానే తియ్యగా ఉంటుందమ్మా."

సంతకానికి ముందు, సంతకానికి తర్వాత

మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. బయానా ఇచ్చి కాగితం రాసుకున్నామంటే ఇల్లు సగం మనదైపోయిందని. చట్టం అలా అనుకోదు. ఆస్తి బదిలీ చట్టం అని 1882 నాటిది ఒకటుంది. ఇప్పటికీ ఇళ్ల క్రయవిక్రయాలకు అదే ఆధారం. దాని 54వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కొనేవారికి ఆ ఇంటి మీద హక్కేమీ పుట్టదు. సేల్ డీడ్ రిజిస్టరైతేనే ఇల్లు చేతులు మారినట్టు.

వినడానికి ఇది మనకు నష్టంలా ఉంది కదా? కానీ ఇందులోనే మన రక్షణ ఉంది. ఇల్లు ఇంకా అమ్మేవారిదే కాబట్టి దానికి వచ్చే చేటు కూడా వారిదే. 55వ సెక్షన్ ఈ సంగతి విడమరిచి చెబుతుంది. అగ్రిమెంటు అయిన రోజు నుంచి ఇల్లు అప్పగించే రోజు దాకా, బుద్ధిమంతుడైన యజమాని తన ఇంటిని ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవలసిన బాధ్యత అమ్మేవారిది. హక్కు మనకు మారిన తర్వాత, అమ్మినవారి తప్పు లేకుండా ఏ నష్టం జరిగినా అది మన నెత్తిన. రెండింటికీ మధ్య గీత ఆ రిజిస్ట్రీ సంతకమే.

అదే సెక్షన్‌లో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ఇంటికి పెద్ద లోపం ఏదైనా ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలుగా చూస్తే కనిపించనిదైతే, అమ్మేవారు నోరు తెరిచి చెప్పి తీరాలి. చెప్పకుండా దాచడం మోసంతో సమానం అంటుంది చట్టం. అయితే "మామూలుగా చూస్తే కనిపించనిది" అన్న చోట జాగ్రత్త! గోడ మీద బారెడు పగులు కనిపిస్తూనే ఉండగా చూసీ చూడనట్టు సంతకం పెడితే, రేపు "నాకు చెప్పలేదు" అనడానికి ఉండదు. కనిపించినదాన్ని చూసుకోవడం మన వంతు, కనిపించనిదాన్ని చెప్పడం వారి వంతు.

మరో మెలిక కూడా ఉంది. ఇవన్నీ, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతేనే వర్తిస్తాయి. కొందరు డాక్యుమెంటు రైటర్లు అలవాటు కొద్దీ "ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని, తృప్తి పడి కొంటున్నాము" అని ఒక వాక్యం దూరుస్తారు. చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యం దగ్గరే ఫ్యాను చప్పుడు ఎక్కువవుతుంది! మా ఆడపడుచు అదృష్టం కొద్దీ ఆ కాగితంలో అలాంటి మాట లేదు.

పగుళ్లన్నీ ఒకటి కావు

లాయరమ్మ రెండో మాట, "ముందు ఒక మంచి మేస్త్రీని పిలిపించండి. అమ్మేవారి మనిషి వద్దు, మీ మనిషి" అని. బ్యాంకు తరఫున ఇంజనీరు వచ్చి చూసి వెళ్లాడు కదా అని మేము ధీమాగా ఉన్నాం. ఆయన చూసేది బ్యాంకు ఇచ్చే అప్పుకు ఆ ఇల్లు విలువ చేస్తుందా లేదా అన్నదే. వానకు కురుస్తుందా అన్నది ఆయన లెక్కలో ముఖ్యం కాదు.

మేస్త్రీ రాగానే ఒక నాణెం తీసి గోడంతా టక టక కొట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా ఉన్న చోట ఒక చప్పుడు, లోపల ప్లాస్టరు వదిలేసిన చోట డొల్ల చప్పుడు. చెవికి ఇట్టే తెలిసిపోతుంది. మనమూ చేయొచ్చు. పలకలు పరిచిన గచ్చుకూ ఇదే పరీక్ష.

పగుళ్ల సంగతి ఆయన చెప్పింది వింటే నాకు వైద్యుడు నాడి చూసినట్టు అనిపించింది. వెంట్రుక మందాన సాలెగూడులా అల్లుకున్నవి ప్లాస్టరు ఆరడంలో వచ్చినవి, భయం లేదు. స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా గీత గీసినట్టు వచ్చేది ఎక్కువగా ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల. కిటికీ, తలుపు మూలల నుంచి మెట్లు మెట్లుగానో ఏటవాలుగానో పోయేదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పునాది ఎక్కడో కుంగిందేమో చూడాలి.

మా వైపు ఈ బాధ కొత్త కాదు. బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద వరి పొలాలు. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ప్రాజెక్టు అది. దాని పుణ్యమే ఈ ప్రాంతమంతా పచ్చగా ఉంది. అయితే చాలాచోట్ల భూమి నల్లరేగడి. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. పునాది సరిపోయినంత లోతుకు వెళ్లకపోతే ఇల్లు కూడా భూమితో పాటు ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. కాబట్టి ఇలాంటి నేలలో ఇంటిని ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడాలన్నాడు మేస్త్రీ. మనం ఏప్రిల్లో చూసి బయానా ఇచ్చేస్తాం!

ఆయన చేసిన ఇంకో పని నాకు బాగా నచ్చింది. పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక పెట్టి రెండు కొసలూ సిమెంటుతో అతికించాడు, పక్కన తేదీ రాశాడు. "గాజు పగిలితే గోడ ఇంకా కదులుతుందన్నట్టు. పగలకుంటే పాత దెబ్బ, మానింది" అన్నాడు. ఖర్చు పది రూపాయలు కూడా కాలేదు.

స్లాబు సంగతి మాత్రం ఆయన తల అడ్డంగా ఊపాడు. పైన నీళ్లు పోయే వాలు సరిగా లేదు. ఏళ్ల తరబడి నీళ్లు నిలిచి, లోపలికి దిగి, చువ్వలు తుప్పు పట్టాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. పైపైన సిమెంటు పూస్తే రెండేళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది. చువ్వలు శుభ్రం చేసి, మందు పూసి, పెచ్చు తీసిన చోట కొత్తగా నింపి, పైన వాలు సరిచేసి, నీరు దిగకుండా పూత వేయాలి. మొత్తం 1 లక్షా 90 వేలు అవుతుందని లెక్క రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. "ఒక బస్తా సిమెంటు" పని కాదన్నమాట.

ఈలోగా ఇంకో సంగతి తెలిసింది. అంతకు ముందు ఆ ఇంట్లో కిరాయికి ఉన్నావిడ ఇప్పుడు రెండు వీధులవతల ఉంటోంది. మా ఆడపడుచు వెళ్లి అడిగితే, "అయ్యో అక్కా, వానకాలమొస్తే మేము ఆ గదిల బకిట్ పెట్టుకునేటోళ్లం. ఎన్ని సార్లు చెప్పినమో!" అంది. చూశారా? ఆ ఇంట్లో మొన్నటిదాకా ఉన్న మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే ఏప్రిల్లోనే తెలిసేది. బేరం కుదుర్చుకునే ముందు ఇరుగుపొరుగును, పాత కిరాయివాళ్లను పలకరించడం ఆడవాళ్లు చేయగలిగినంత సులువుగా మగవాళ్లు చేయలేరు.

"పైసలు సిద్ధంగా ఉన్నయి" అని రాయండి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. కోపం వచ్చి, "మీ ఇల్లు మీరే ఉంచుకోండి" అని చెప్పి ఇంట్లో కూర్చుంటారు. గడువు దాటిపోతుంది. అప్పుడు అమ్మేవారు, "ఒప్పుకున్న తేదీకి పైకం తేలేదు, బయానా పోయినట్టే" అంటారు. కోర్టుకు వెళ్లినా మొదటి ప్రశ్న అదే. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963 ప్రకారం కొనేవారు తమ వంతు నెరవేర్చడానికి మొదటి నుంచీ సిద్ధంగా, ఇష్టంగా ఉన్నామని రుజువు చేసుకోవాలి. అలిగి కూర్చున్నవారికి ఆ రుజువు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని లాయరమ్మ ఒక ఉత్తరం రాయించింది. అందులో తిట్లు లేవు, బెదిరింపులు లేవు. ఫలానా తేదీ అగ్రిమెంటు ప్రకారం మిగిలిన 24 లక్షలు చెల్లించి రిజిస్ట్రీ చేయించుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అయితే ఫలానా తేదీన వాన పడ్డాక వెనక గదిలో ఈ లోపాలు కనిపించాయి. ఫొటోలు, మేస్త్రీ లెక్క జతచేస్తున్నాను. వీటిని బాగు చేయించి ఇవ్వండి, లేదా ఆ మేరకు ధర తగ్గించండి. రెండూ కుదరకపోతే బయానా తిరిగి ఇప్పించండి. అంతే. ఒక నకలు దగ్గర పెట్టుకుని, అందినట్టు రశీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం. (2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు పంపేవారు స్పీడ్ పోస్టులోనే అందిన రశీదు అడిగి తీసుకోవాలి.)

"పక్క వీధిల ఉన్నోళ్లకు పోస్టుల ఉత్తరం ఏంది? మనుషులం కామా?" అని మా అత్తగారు నొచ్చుకుంది. నొచ్చుకునే మాటే. కానీ నోటి మాటకు సాక్ష్యం ఉండదు. ఉత్తరం పంపిన సాయంత్రం తనే స్వయంగా వెళ్లి, "కాకా, మీ మీద కోపం లేదు. కాగితం కాగితమే, మనం మనమే" అని చెప్పి వచ్చింది మా ఆడపడుచు. అది కూడా అవసరమేనని నా ఉద్దేశం.

బయానా చెక్కు ద్వారా ఇవ్వడం ఇంకో మంచి పని అయ్యింది. నగదుగా ఇచ్చి ఉంటే ఆ నాలుగు లక్షలకు దిక్కెవరు? 20,000 రూపాయలు, అంతకు మించిన బయానాను నగదుగా పుచ్చుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన ఉంది. మన ఊళ్లలో అదెవరూ పట్టించుకోరనుకోండి. కానీ చెక్కు ఇస్తే మనకే మేలు. కొనేవారి తప్పు లేకుండా బేరం చెడితే, ఇచ్చిన బయానాకు ఆ ఇంటి మీదే హక్కు ఉంటుంది, అంటే ఆ ఇల్లే తాకట్టు ఉన్నట్టు. అయితే ఇచ్చినట్టు రుజువుండాలి కదా!

ధర తగ్గించకుండా, "కొంత పైకం పట్టి ఉంచుకోండి, బాగు చేయించాక ఇద్దురు గాని" అనేవారూ ఉంటారు. అదీ ఒక దారే. అయితే సేల్ డీడ్‌లో "పూర్తి పైకం ముట్టింది" అని రాసేస్తే ఆ ఏర్పాటుకు ఆధారం ఉండదు. ఎంత ఆపుకున్నాం, ఏ పని అయ్యాక, ఎన్నాళ్లలో ఇవ్వాలి అన్నది రాతలో ఉండాలి.

వాన తెచ్చిన నష్టం ఎవరిది?

మా ఆడపడుచు విషయంలో లోపం పాతది, దాచినది. మరి అగ్రిమెంటు నాటికి ఇల్లు నిక్షేపంగా ఉండి, తర్వాత వరదకో పిడుగుకో దెబ్బతింటే?

2025 ఆగస్టు 27, 28 తేదీలు కామారెడ్డి జిల్లావాళ్లు మరచిపోలేరు. సరిగ్గా వినాయక చవితి నాడు మొదలైన వాన. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ వారంలో రిజిస్ట్రీ పెట్టుకున్నవారి గతి ఏమిటని నాకు అప్పుడే అనిపించింది.

చట్టం ప్రకారం జవాబు పైన చెప్పుకున్నదే. రిజిస్ట్రీ కాలేదంటే, ఇల్లు అమ్మేవారి స్వాధీనంలోనే ఉందంటే, దేవుడు చేసిన నష్టమైనా వారిదే. మన దేశపు చట్టం రాసింది ఇంగ్లీషువాళ్లే అయినా, వాళ్ల దేశంలో ఆ రోజుల్లో పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ ఒప్పందం కాగానే నష్టం కొనేవారిది. ఇల్లు తగలబడినా పైకం కట్టాల్సిందే! ఈ ఒక్క విషయంలో 1882లో మనకు మేలే చేశారు.

వరద నీరు వచ్చిపోయిన ఇంటిని వెంటనే చూసి నిర్ణయానికి రావద్దు. తడి ఆరాక ఉప్పు పొడిలా గోడల మీద తేలుతుంది, తలుపులు బిగుసుకుంటాయి, పలకలు డొల్లబారతాయి. సంపు, బోరు, సెప్టిక్ ట్యాంకు విడివిడిగా చూసుకోవాలి. గడువు పొడిగించుకోవాలంటే ఇద్దరూ సంతకాలు చేసి అగ్రిమెంటు వెనకే రాసుకుంటే చాలు.

పాలు ముందే పొంగిస్తే...

ఇది మన ఆడవాళ్ల వల్లే ఎక్కువగా జరిగే పొరపాటు కాబట్టి కాస్త చనువుగా చెబుతున్నాను. రిజిస్ట్రీ పదిరోజులు ఆలస్యమైంది, ముహూర్తమేమో ఇవాళే ఉంది. "తాళంచెవి ఇవ్వండి కాకా, పాలు పొంగించుకుని పోతం" అంటాం. వారూ సంతోషంగా ఇస్తారు. నాలుగు గిన్నెలు, దేవుడి పటాలు పెట్టి తాళం మన దగ్గరే ఉంచుకుంటాం. ఆ తర్వాత నల్లా విప్పి మరచిపోయి గది నిండా నీళ్లు నిలిచినా, దొంగలు పడి తలుపులు విరగ్గొట్టినా, ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందన్న ప్రశ్న వస్తుంది. అమ్మేవారి బాధ్యత అప్పగించేదాకానే అని చెప్పుకున్నాం కదా. తాళంచెవి మన కొంగున ఉంటే "అప్పగించేశాను" అని వారు అనరా?

ముహూర్తం వదులుకోలేకపోతే, పూజ చేసుకుని సాయంత్రానికి తాళంచెవి తిరిగి ఇచ్చేయడం ఉత్తమం.

రిజిస్ట్రీ అయ్యాక బయటపడితే

అప్పుడు దారి దూరం. లేదని కాదు. లోపం పాతదని, అమ్మినవారికి తెలుసని, దాచారని మనం రుజువు చేయాలి. పాత కిరాయివాళ్ల మాట, రంగు కింద దొరికిన అతుకులు, మేస్త్రీ రాసిచ్చిన కాగితం ఇలాంటివి పనికొస్తాయి. మోసం తెలిసిన రోజు నుంచి సాధారణంగా మూడేళ్లలోపు దావా వేయాలి. ఇల్లు తిరిగి ఇచ్చేద్దామన్నా రిజిస్ట్రీ ఖర్చు మాటేమిటి? తెలంగాణలో 2021 జూలైలో స్టాంపు, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం చేశారు. 28 లక్షల మీద అది 2 లక్షల 10 వేలు. మా మేస్త్రీ చెప్పిన మరమ్మతు ఖర్చు కంటే ఎక్కువ!

బిల్డరు దగ్గర కొత్త ఇల్లు, ఫ్లాటు కొన్నవారి సంగతి వేరు. రెరా చట్టం, 2016 కిందికి వచ్చే ప్రాజెక్టు అయితే, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. 500 చదరపు మీటర్లకు, ఎనిమిది ఫ్లాట్లకు మించిన ప్రాజెక్టులకే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన చిన్న ఊళ్లలో ఒక మేస్త్రీ రెండు ప్లాట్లు కొని కట్టి అమ్మే ఇళ్లు ఇందులోకి రావు. అలాంటప్పుడు కట్టి అమ్మడమే వ్యాపారంగా ఉన్నవారి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలుంటుంది. సొంత ఇల్లు అమ్ముకున్న మామూలు మనిషి మీద మాత్రం సివిలు కోర్టే.

కోర్టంటే ఖర్చని భయపడేవారికి ఒక మాట. న్యాయసేవల చట్టం, 1987 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి రాజీ చేయించే ఏర్పాటు కూడా ఉంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది.

అమెరికాలో ఎలా చేస్తారట?

మా పిన్ని కూతురు డాలస్‌లో ఇల్లు కొన్నప్పుడు చెప్పింది. అక్కడ సంతకాల రోజును క్లోజింగ్ అంటారు. దానికి ముందు రోజో, ఆ పొద్దునో కొనేవారు ఇల్లంతా చివరిసారి తిరిగి చూడడం ఆనవాయితీ. నల్లాలు విప్పి, పొయ్యి వెలిగించి, ఏసీ వేసి, ఫ్లష్ నొక్కి మరీ చూస్తారట. ఏదైనా తేడా ఉంటే సంతకం అప్పుడే ఆగుతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం కూడా, హక్కుగానీ స్వాధీనంగానీ మారకముందే ఇల్లు చాలావరకు పాడైతే అమ్మేవారు బేరం మీద పట్టుబట్టలేరు, ఇచ్చిన పైకం తిరిగి ఇవ్వాలి.

మన దగ్గర సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లే పొద్దున ఏం చేస్తాం? గుడికి వెళ్తాం, కొబ్బరికాయ కొడతాం. మంచిదే. దారిలో ఒక్క అరగంట ఆ ఇంట్లోకీ తొంగిచూస్తే దేవుడేమీ అనుకోడు!

ఇంతకీ ఏమైందంటే

ఉత్తరం అందిన రెండు రోజులు ఆ పెద్దమనిషి ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇరవై ఏండ్ల సంది ఊర్ల పేరున్నోణ్ని. నన్ను దొంగను చేస్తవా?" అని గట్టిగా మాట్లాడాడు. ఆయనకూ ఓ బాధ ఉంది. ఆ పైకంతో చిన్నకూతురి పెళ్లి చేయాలి. ఇవన్నీ విన్నాక నాకైతే జాలేసింది. మా ఆడపడుచు మాత్రం టీ ఇచ్చి, గాజు పలక అతికించిన ఫొటో చూపించి, "మీ బిడ్డ గీ ఇల్లు కొంటే మీరేం జెయ్యమంటరు కాకా?" అని అడిగిందట. ఆయన కాసేపు మాట్లాడలేదట.

శ్రావణంలో గృహప్రవేశం కాలేదు. చుట్టాలకు ఫోన్లు చేసి చెప్పుకోవలసి వచ్చింది, ఒకరిద్దరు దెప్పారు కూడా. అగ్రిమెంటు గడువు మూడు నెలలు పొడిగిస్తూ ఇద్దరూ రాసుకున్నారు. ఆ మూడు నెలల్లో వానలు పడ్డాయి, తగ్గాయి, ఎండ కాసింది. గాజు పలక పగల్లేదు. గోడ సంగతి అలా తేలిపోయింది. స్లాబుకు మాత్రం 1 లక్షా 90 వేలు అడిగితే 1 లక్షా 25 వేలకు ఒప్పుకున్నాడు. మిగతాది తనే భరించింది. "మొత్తం రాలేదు కదా" అని ఆయన దుబాయి నుంచి సణిగాడట. తగ్గించిన ధరే సేల్ డీడ్‌లో రాయించారు, పొడిగింపు కాగితం, ఉత్తరం నకలు ఇప్పటికీ బీరువాలో నగల డబ్బా కింద ఉన్నాయి.

కార్తీకంలో రిజిస్ట్రీ రోజు పొద్దున్నే ఆరింటికి, చేతిలో టార్చిలైటుతో వెళ్లి ప్రతి గదీ చూసింది. మేడ మీద ముందు రోజు సాయంత్రమే నీళ్లు గట్టుకట్టి నిలబెట్టించింది. వెనక గది పైకప్పు ఇంకా కురుస్తూనే ఉంది. అది తెలిసిన సంగతే, లెక్కలో పోయిన సంగతే. ముందు గది, వంటిల్లు పొడిగా ఉన్నాయి. అప్పుడు ఇంటికి వచ్చి తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుంది. ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఎదురుపడితే సరిగ్గా పలకరించడు గానీ, ఆయన భార్య మాత్రం మామిడికాయల కాలంలో వచ్చి చెట్టు కింద కాసేపు కూర్చుని వెళుతుంది.